నిమిషం పని

అన్నా,

నువ్వు పోయాక నరసరావుపేటలో మన ఫ్లెక్సీల షాపుకి ఏఐ వచ్చింది. నువ్వు పూటంతా కూర్చుని చేసే డిజైన్ నిమిషంలో ఇస్తోంది. అయినా నేను మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్లి చాలా రోజులైంది. నువ్వు ఒక్కటే చేసి, "ఇదే బాగుంది, పోండి" అనేవాడివి. జనం పోయేవాళ్లు. ఇప్పుడేమో, "నిమిషం పనేగా, ఇంకోటి చూపియ్" అంటూ కుర్చీలోంచి లేవరు. నిన్నటిదాకా నాకు ఒళ్లు మండేది.

రేపు నీ వర్ధంతి. ఫ్లెక్సీ కోసం ఏఐకి నీ ఫొటో ఇస్తే ముఖం నున్నగా, జుట్టు నల్లగా చేసి పెట్టింది. అది నువ్వు కాదనిపించి ఇంకోటి అడిగాను. మళ్లీ ఇంకోటి.

అమ్మ ఫోన్ చేసింది. "ఏందిరా, పొద్దుగూకింది. మధ్యాన్నం అన్నం అట్నే ఉంది."

"నిమిషం పనేనమ్మా," అన్నాను.