తేనెరంగు సానరాయి

పెనుకొండ, 3-2-1958

ధర్మవరం సంజీవప్ప బావకు, బామ్మర్ది లింగప్ప నమస్కారాలు.

మొన్న నాయన దగ్గర ఒక రాయి బయటపడింది. అరచేయంత పొడవు. ఒక పక్క తేనె రంగు, రెండో పక్క నీలం. ఎక్కడిదని అడిగితే నాయన గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. ఇలాంటిది ఎప్పుడైనా చూశావా?

నీ లింగప్ప

తా.క.: ముట్టుకుంటే వెన్నలా ఉంది.

ధర్మవరం, 7-2-1958

చిరంజీవి లింగప్పకు ఆశీస్సులు.

నీ కార్డులో సంగతి విని మీ అక్క వంట ఆపేసింది. అరచేయంత రాయిని కడుపులో మోస్తూ మామ ఇన్నేళ్లు జనానికి గడ్డాలు గీశాడంటే ఆయనకు దండం పెట్టాలి. కోసి తీశారా, తనంతట తానే పడిందా? అరటి దూట రసం, ఉలవకట్టు తాగించండి.

సంజీవప్ప

తా.క.: రాయి పారేయవద్దు. ఇక్కడ ఎవరూ నమ్మడం లేదు.

పెనుకొండ, 11-2-1958

బావకు నమస్కారాలు.

అది కడుపులోది కాదు, కత్తులపెట్టెలోది. నాయన చూపు మందగించి అంగడి నాకు అప్పగించాడు కదా. ఆ రాయి మీద నేను నూరిన కత్తితో గీస్తుంటే మన పాత గిరాకీ ఆదినారాయణ, “ఏమప్పా, గడ్డం గీస్తాండావా, కలుపు తీస్తాండావా?” అన్నాడు. నాయన కత్తి తగిలినట్టే ఉండేది కాదని ఊరంతా చెప్పుకుంటారు. ఆ పేరు నా చేతుల్లో పోయేలా ఉంది. అది ఏ రాయో తెలిస్తే నూరే పద్ధతి తెలుస్తుంది.

లింగప్ప

తా.క.: ఉలవకట్టు నాయనకు నచ్చింది. రోజూ అడుగుతున్నాడు.

ధర్మవరం, 16-2-1958

చిరంజీవి లింగప్పకు ఆశీస్సులు.

మిలిటరీలో దొరలకు గడ్డాలు గీసిన నరసింహులు గడ్డం గీయించుకోవడానికి మా అంగడికి వస్తుంటాడు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే సబ్బు నురగతోనే లేచి నిలబడ్డాడు. “పసుపు పక్కన నీళ్లు చల్లి రుద్దితే పాల మాదిరి వస్తాదేమో చూడమను. వస్తే అది బెల్జియం దేశం రాయి. అట్లాటిది నేను ఒగటే చూసినా,” అన్నాడు. మామ ఎంత గొప్పవాడు!

సంజీవప్ప

తా.క.: ఆ పాలు పసిపిల్లలకు మంచివేనా అని మీ అక్క అడగమంది.

పెనుకొండ, 22-2-1958

బావకు నమస్కారాలు.

పాలు వచ్చాయి. బెల్జియం రాయే. అయినా కత్తి మళ్లీ వెంట్రుకలు పీకింది. నాయన పక్కన కూర్చుని, ఎలా నూరేవాడివో చెప్పమని బతిమాలాను. చివరికి గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు.

“నాకు యాడ వస్తాదిరా? నేను గీసేవాణ్ణే. మీయమ్మనడుగు.”

హిందూపురంలో మా తాతకు మగపిల్లలు లేరు. అందుకని అంగడిలో కత్తులు నూరడం అమ్మకే నేర్పాడట. ఆ రాయి ఆమె పుట్టింటిది. మేమింకా లేవకముందే నాయన కత్తులన్నీ అమ్మే నూరేదట.

“మాకెందుకు చెప్పలేదమ్మా?” అన్నాను.

“నన్నెవురూ అడగల్యా,” అని చేతులు కడుక్కుని రాయి ముందు కూర్చుంది. కత్తి ఆ రాయి మీద జారుతుంటే చప్పుడే లేదు. సాయంత్రం ఆ కత్తితో గీస్తుంటే ఆదినారాయణ కుర్చీలోనే నిద్రపోయాడు.

లింగప్ప

తా.క.: నాకూ నేర్పమని అడిగాను. అమ్మ నా చేతులు తిప్పి తిప్పి చూసి, నన్ను పక్కకు లేపి, తన కోడలు, మా ఇంటిది ఉలిగమ్మను కూర్చోబెట్టింది.