ఖాళీ అనుకున్న చోటు

శ్రీనూ,

ఇవాళ నీ సంవత్సరీకం. ఢిల్లీలో, జనక్‌పురిలోని మీ ఇంట భోంచేసి నేరుగా సెమినార్‌కి వెళ్లాను. మన ప్రొఫెసర్ కొత్త ఇన్‌ఫ్రారెడ్ చిత్రం చూపించాడు. మనం చూసిన ఆ రెండు రెక్కల వాయుమేఘం, ఆ నెబ్యులా చుట్టూ చాలా దూరం దాకా ధూళి ఉంది.

ఆకాశపు వెలుగును లెక్కలోంచి తీసేయడానికి నెబ్యులా పక్కనే ఖాళీ చోటులో వెలుగు కొలిచేవాళ్లం కదా. "అది ఖాళీ కాదు సర్, అక్కడా ధూళే. దాని వెలుగునీ తీసిపారేస్తున్నాం, ఇంకా దూరం జరుగుదాం," అన్నావు నువ్వు ఒకసారి.

"టెలిస్కోప్ టైమ్ తుమ్హారే బాప్ కా హై క్యా?" అన్నాడు ప్రొఫెసర్. మీ నాన్న సొమ్మా అని!

నువ్వేమో "ఠీక్ హై సర్" అని కూర్చున్నావు. ఆ మాటకి నీ మీద నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది.

ఇవాళ అదే పెద్దమనిషి, దూరం జరగాలన్నది తన ఆలోచనేనన్నాడు. లేచి నీ పేరు చెప్పాను.

"అచ్ఛా, వో లడ్కా... బైఠో," అన్నాడు. ఆ కుర్రాడట, కూర్చోవాలట!

నేను కూర్చోలేదురా. అతను స్లైడ్లు సర్దుకుని వెళ్లిపోయేదాకా నిలబడే ఉన్నాను.