మూత పాచిక

జూన్ 2, సోమవారం

పెద్దాయన మెసేజ్ పెట్టాడు. నెలాఖరుకి మా రాతికోట ఆట నడిచే సర్వర్ ఆపేస్తాడట. పెద్దాయన అనేది మేం పెట్టిన పేరు, వయసులో నాకంటే చిన్నవాడే అయ్యుంటాడు. కానీ సర్వర్ అతనిది, కాబట్టి పెద్దరికమూ అతనిదే. మనుషులే లేని ఊరికి ఎన్నాళ్ళని కాపలా కాయను అని అడిగాడు. కోపంగా అడగలేదు. అందుకే భయమేసింది.

ఒకప్పుడు సాయంత్రమైతే రాతికోట బజారులో ఒక ముక్క రాయడానికి వంతు దొరికేది కాదు. ఒకళ్ళు బేరమాడుతుంటే ఇంకొకళ్ళు వాళ్ళ జేబు కొట్టేసేవాళ్ళు, మూడోవాళ్ళు చూసి కేకలు పెట్టేవాళ్ళు. బొమ్మలు లేని ఆట మాది, అంతా రాతే. ఎవరి పాత్ర ఏం చేసిందో, ఏమందో వాళ్ళే టైప్ చేస్తారు. కథ ఎటు తిరగాలో గేమ్ మాస్టర్‌గా నేను చెప్తాను. తర్వాత బొమ్మల ఆటలు వచ్చాయి, ఫోన్ మీద వేలితో నెడితే చాలు. మావాళ్ళు ఒక్కొక్కళ్ళే చెప్పాపెట్టకుండా జారుకున్నారు. ఇప్పుడు మిగిలినవాళ్ళందరూ ఒక ఆటోలో పట్టేస్తారు.

ఆట కదా, ఆగిపోతే ఏమైంది అని ఎవరైనా అంటారు. నాకు చాలా అవుతుంది. రాతికోట రాణి మా వదిన.

జూన్ 3, మంగళవారం

వదినా నేనూ మాట్లాడుకుని ఎనిమిది నెలలు దాటింది. నా పెళ్ళి తప్పిపోయిన రోజు హాల్లో అందరి ముందూ, మంచిదే అయింది అంది. అంతే. నేను లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఎందుకలా అన్నావని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఒకే ఇల్లు, ఒకే వంటిల్లు, ఒకే ఫ్రిజ్. మధ్యలో అన్నయ్య. వచ్చేటప్పుడు బ్రెడ్ తెమ్మని మీ చెల్లికి చెప్పండి అంటుంది వదిన, నేను పక్కనే ఉండగా. తెస్తానని చెప్పు అంటాను నేను, ఆవిడ పక్కనే ఉండగా. అన్నయ్య కొరియర్ ఆఫీసులో పని చేస్తాడు. ఇంటికొచ్చినా డెలివరీలే అని గొణుక్కుంటాడు.

కానీ రాతికోటలో మాట్లాడుకుంటాం. అక్కడ ఆవిడ రాణి. గేమ్ మాస్టర్ పని కాక నాకూ ఒక చిన్న పాత్ర ఉంది, రాణిగారి చెలికత్తె. గొడవకి ముందు ఇద్దరం ఒకే సోఫా మీద కూర్చుని ఆడేవాళ్ళం. గొడవ తర్వాత ఎవరి గదిలో వాళ్ళం ఆడుతున్నాం. ముందు మానినవాళ్ళు ఓడినట్టని ఇద్దరికీ మొండితనం.

ఇవాళ కాళ్ళు లాగేస్తున్నాయే అంటుంది రాణి చెలికత్తెతో. వదిన డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. రోజంతా పక్క సీట్లో కూర్చుని అవతలివాళ్ళ తప్పులకి తను బ్రేకు తొక్కే ఉద్యోగం. నేను లేచి నీళ్ళు వేడిచేసి, బకెట్ బాత్రూం ముందు పెట్టి వచ్చేస్తాను. తలనొప్పి అంటే డైనింగ్ టేబుల్ మీద మాత్ర. నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో నన్నెవరైనా ఒక మాటంటే, ఆ సాయంత్రం చెలికత్తె కళ్ళు ఒత్తుకుంటుంది. మర్నాడు నా టిఫిన్ డబ్బాలో నాకిష్టమైన కూరే ఉంటుంది.

సర్వర్ ఆగితే ఈ ఇంట్లో నాకు వదిన ఉండదు.

జూన్ 5, గురువారం

పాతవాళ్ళందరికీ మెసేజ్‌లు పెట్టాను. ఒకతను కవలపిల్లలతో నిద్రే లేదన్నాడు. ఒకావిడ నువ్వెవరని అడిగింది. మిగతావాళ్ళ నుంచి ఉలుకూ పలుకూ లేదు.

కమ్మరి మాత్రం గంటసేపు మాట్లాడాడు. ఆటలో కమ్మరి, బయట ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు. రూల్స్ విషయంలో మాత్రం ప్రాణం తీస్తాడు. రండి రండి అని బతిమాలితే ఎవరూ రారన్నాడు. పోయేది ఏదైనా ఉంటేనే చూడ్డానికి వస్తారట. మన దగ్గర పోయేది ఒకటుంది కదా అన్నాడు.

ఏమన్నాడో అర్థమైంది. రాతికోటలో చచ్చిన పాత్ర చచ్చినట్టే, ఆడినవాళ్ళకి కూడా మళ్ళీ ప్రవేశం లేదు, అకౌంట్‌కి తాళం పడుతుంది. మొదట్లో ఈ రూలు లేదు. పొద్దున్న చచ్చినవాడు సాయంత్రానికి మీసం తగిలించుకుని తమ్ముణ్ణని వచ్చేవాడు. చావంటే నవ్వులాటైపోయింది. అప్పుడు ఈ రూలు రాసింది వదినే.

ముట్టడి పెడదామన్నాను. కమ్మరి సరేనన్నాడు.

జూన్ 8, ఆదివారం

శత్రుసైన్యం కోటని చుట్టుముట్టింది. కోటకి నీళ్ళొచ్చే కాలవ గండి మూసేసింది. కోటలోంచి ఒక్కరు శత్రువుల గుడారాల మధ్యనుంచి వెళ్ళి ఆ గండి తెరవాలి. ఇరవై రెండో తేదీ ఆదివారం పాచిక. ఆరు ముఖాల్లో ఒకటి గాని రెండు గాని పడితే వెళ్ళినవాళ్ళు తిరిగిరారు. ఇదీ నేను రాసిన కథ.

ఆర్నెల్లకోసారి తొంగిచూసే దొంగ పాత్ర ఒకటుంది, వాణ్ణి పంపుదామని నా లెక్క. పోతే పోయాడు, పెద్ద బాధ లేదు. సభలో ఎవరు వెళ్తారని అడిగాను.

రాణి వెళ్తుంది అని ఒక్క ముక్క రాసింది వదిన.

పక్క గదిలో టైపింగ్ చప్పుడు ఆగిపోయింది.

జూన్ 9, సోమవారం

రాణి వెళ్తోందని ఎవరో బయట గ్రూపుల్లో పెట్టారు. షాపులో అద్దం బిగిస్తూ ఫోన్ చూస్తే పాతవాళ్ళు బిలబిలా దిగుతున్నారు. కవలపిల్లల నాన్న కూడా వచ్చాడు. వార్త మోసినవాళ్ళకి దండం పెట్టాలో తిట్టాలో తెలియలేదు. చూస్తూ చూస్తూ స్క్రూ పోగొట్టాను, ఓనర్ చీవాట్లు పెట్టాడు.

పెద్దాయన నవ్వుముఖం పంపాడు. సంవత్సరంలో మొదటిసారి.

జూన్ 13, శుక్రవారం

రాణికి దారులు తెరుస్తున్నాను. గోడ కింద పాత సొరంగం ఒకటి కనిపెట్టించాను, గుడారాలు తగలకుండా నేరుగా కాలవ దగ్గర తేలుతుంది, పాచిక అక్కర్లేదు. రాణి వెళ్ళి చూసి, ఇందులోంచి శత్రువులు లోపలికి రాగలరని రాళ్ళతో పూడ్పించేసింది. రెండు పేజీలు రాశాను ఆ సొరంగం గురించి.

తర్వాత చెలికత్తె, మీ బట్టలు నాకివ్వండి, మీ బదులు నేను వెళ్తాను అంది. ఆ చెలికత్తె నేనే, పోతే నేనే పోతాను. రాణి దాని తల నిమిరి, ఒకరి బట్టల్లో ఇంకొకరు చావకూడదు అంది.

ఇవతల నేను ఏడ్చాను. అవతల ఆవిడ కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

జూన్ 15, ఆదివారం

వదిన భోజనాల దగ్గర అన్నయ్యతో పగలబడి నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

జూన్ 17, మంగళవారం

నన్ను వదిలించుకోవాలని చూస్తోందా? రూలు ఆవిడకి తెలుసు. పాచికలో రెండు ముఖాలు చావని తెలుసు. పోతే నాతో మాట్లాడే ఆ ఒక్క చోటూ పోతుందని తెలుసు. తెలిసే వెళ్తోంది. ఎనిమిది నెలలు ఆ చెలికత్తె మాటలు భరించడమే ఎక్కువనుకుందేమో.

సాయంత్రం వాళ్ళ గది తలుపు దాకా వెళ్ళాను. కొడితే తీస్తుంది. వెళ్ళొద్దు అంటే సరిపోతుంది, ఒక్క ముక్క. చెయ్యి ఎత్తాను కూడా. అన్నయ్య హాల్లోంచి, ఏమైనా చెప్పాలా అని అడిగాడు. ఏం లేదని వెనక్కి వచ్చి రాతికోటలో కుండపోత వాన కురిపించాను. దారిలో ఏరు పొంగితే రాణి వెళ్ళడానికి వీలుండదు కదా.

కమ్మరికి కోపమొచ్చింది. ముట్టడి ఎండాకాలంలో అని నువ్వే రాశావు, ఈ వాన ఎక్కణ్ణుంచి ఊడిపడింది అన్నాడు. రాణిని కాపాడుతున్నావని అందరికీ అనుమానంగా ఉందట. ఇంకొక్క గారడీ చేస్తే వచ్చినవాళ్ళు వచ్చిన దారినే పోతారన్నాడు. వాన ఆపాను.

జూన్ 20, శుక్రవారం

పెద్దాయన మాటిచ్చాడు. ఆదివారం దాటాక కూడా జనం నిలబడితే సర్వర్ ఉంటుంది, ఇక ఆ ఊసెత్తనన్నాడు.

పాచిక ఎలా వెయ్యాలని చర్చ జరిగింది. పెద్ద ఘట్టాలకి మా దగ్గర మూత పాచిక అలవాటు. గేమ్ మాస్టర్ స్క్రీన్ మీదే పడుతుంది, అంకె గేమ్ మాస్టర్ చెప్పాలి, నమ్మడం మిగతావాళ్ళ వంతు. ఈసారి అందరికీ కనిపించేలా వెయ్యమన్నాడు కమ్మరి. అప్పుడు రాణి, మా గేమ్ మాస్టర్ మీద నాకు నమ్మకముంది, మూత పాచికే ఉండనివ్వండి అంది.

ఆవిడ నాకో దారి వదిలిందా, ఉరి బిగించిందా? మధ్యాహ్నమంతా అదే ఆలోచన. ఒకావిడ కళ్ళజోడుకి కుడి అద్దం ఎడమ పక్క బిగించి ఇచ్చాను.

జూన్ 22, ఆదివారం

మధ్యాహ్నం 3. లోపల కాలు పెట్టడానికి సందు లేదు. ఎన్నడూ చూడని పేర్లు కూడా ఉన్నాయి. రాణి కోట తలుపు దాటింది. అన్నయ్య హాల్లో బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు, వాడికి ఏమీ తెలియదు.

3:40. మొదటి గుడారం దాటింది. ఎంత బాగా రాస్తోందో. చీర చెంగు ముల్లుకి పట్టుకుంటే, లాగకుండా నిలబడి నెమ్మదిగా విడిపించుకుందట.

4:15. వెయ్యమని కమ్మరి అడిగాడు. వేస్తున్నాను.

రాత్రి 9. ఇప్పుడు రాయగలుగుతున్నాను.

ఒకటి పడింది.

అయ్యో అని నా నోటినుంచి గట్టిగానే వచ్చేసింది. అందరూ కాచుకుని ఉన్నారు. అయిదు అని టైప్ చేసి పంపేశాను. ఆలోచించలేదు, వేళ్ళే కొట్టేశాయి. కోటలో కేకలు, చప్పట్లు, కవలపిల్లల నాన్న నగారా మోగించాడు. కమ్మరి కూడా దండం పెట్టాడు. రాణి గండి తెరిచింది అని రాయడం మొదలుపెట్టాను.

తలుపు తోసుకుని వదిన వచ్చింది. ఎనిమిది నెలల్లో నా గడప తొక్కలేదు. ఎంత పడిందని అడిగింది. నీ అయ్యో గోడవతలికి వినపడింది, ఎంత పడింది అని మళ్ళీ అడిగింది. గొంతు పెంచలేదు. కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్ళతో కూడా అలాగే మాట్లాడుతుందనుకుంటాను.

ఒకటి అన్నాను.

అయితే అదే రాయమంది. రాస్తే ఇక నువ్వు రాలేవు అన్నాను. తెలుసంది. మరి నేనెలా మాట్లాడేది అని అడగబోయాను, మాట మింగేశాను. వాళ్ళందరూ నిన్ను నమ్మి ఇంతదూరం వచ్చారు అంది. కుర్చీ వెనక నిలబడింది. ఆవిడ చూస్తుండగానే రాశాను. అబద్ధం చెప్పాను, పడింది అయిదు కాదు, ఒకటి అని.

రాతికోట నిండా తిట్లు వచ్చాయి, పడ్డాను. కమ్మరి ఒక్కడే, ఒప్పుకున్నావు, అది చాలు, ఇక కానివ్వు అన్నాడు. రాణి చావు నేనే రాయాలి. రాశాను. గండి తెరుచుకుంది, నీళ్ళు వచ్చాయి, రాణి రాలేదు. తిరిగి చూస్తే గదిలో వదిన లేదు.

జూన్ 23, సోమవారం

రాతికోట కిటకిటలాడుతోంది. రాణి కోసం ఎవరెవరో రాస్తున్నారు. ఆవిడ ఒకప్పుడు తమ కొత్త పాత్రకి పేరు పెట్టిందని, తమ దొంగతనం చూసీ చూడనట్టు వదిలేసిందని. చదివి చదివి కళ్ళు మండాయి. తాళం పడింది కాబట్టి ఇవేవీ వదినకి కనిపించవు. ఆవిడ హాల్లో టీవీ సౌండ్ తగ్గించి చూస్తోంది.

సర్వర్ ఉంటుంది, మాట మాటే అని పెద్దాయన రాశాడు. గెలిచాను. ఎవరికి చెప్పుకోను?

జూన్ 25, బుధవారం

వదినకి ఇవాళ ఒంట్లో ఎలా ఉందో తెలియదు.

జూన్ 28, శనివారం

పొద్దున్న వదినా నేనూ పోట్లాడుకున్నాం. నోటితో. గీజర్ ఆపలేదని ఆవిడ మొదలుపెట్టింది, అక్కణ్ణుంచి నా పెళ్ళి దాకా వెళ్ళాం. మంచిదే అయింది అని ఎందుకన్నావు అని అరిచాను. మూడు కారణాలు చెప్పింది. ఒకటి నాకు ముందే తెలుసు, ఒకటి శుద్ధ అబద్ధం, మూడోది చెప్తూ ఆవిడే ఏడ్చేసింది. అన్నయ్య మధ్యలోకొచ్చి, ఎవరికేం చెప్పాలో నాకు చెప్పండి, చెప్తాను అన్నాడు. ఇద్దరం ఒక్కసారే నోరు మూసుకోమన్నాం.

పోట్లాట ఇంకా సగం కూడా అవలేదు. సాయంత్రం షాపునుంచి తొందరగా రావాలి.