వెనకగదిలో బావ

అమ్మా,

ఫోన్లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. అక్కా, కడుపులో బిడ్డా కులాసా, బెంగపడకు. డాక్టరమ్మ మంచం దిగొద్దన్నారు, వెనకగదికేమో ఇంటర్నెట్ అందదు, ఓడలో పనిచేసే బావ మొహం వీడియో కాల్లో చూసే వీల్లేక అక్క ఒకటే దిగులు. అందుకని కరెంటు తీగల్లోంచే ఇంటర్నెట్ పంపే అడాప్టర్ల జత కొన్నాను. ఒకటి హాల్లో రూటర్ దగ్గర, రెండోది అక్క గదిలో గోడ ప్లగ్గుకి పెట్టగానే బావ ప్రత్యక్షం! మాట మధ్యలో నేను వంటింట్లో మిక్సీ వేశాను. దాంతో లైను దెబ్బతిని, బావ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు.

"ఆపవే రాక్షసీ!" అని అక్క కేక.

ఆపగానే బావ, "సెలవిచ్చారు, కాన్పుకి వచ్చేస్తున్నా," అన్నాడు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? మెత్తటి పాత దుప్పట్లు పంపు. నాన్నకు నమస్కారాలు. అక్క చేత కూడా ఒక ముక్క రాయిద్దామంటే, ఎన్నాళ్ళకో ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది.

నీ చిన్నది