సోని ఆల్బం విన్న పెళ్ళివారు

విశాఖపట్నం, మార్చి 3

ఫల్గుణ మావయ్యకు నమస్కారాలు.

మీ కొండకు సిగ్నల్ ఎక్కదు కనుక ఉత్తరంతో పాటు పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. రెండేళ్ళు తలుపేసుకుని చేసిన ఆల్బం. తొమ్మిది పాటలు. ఒకదాంట్లో మాటలుంటాయి, రెండింట్లో గిటారు, మిగతావన్నీ కంప్యూటర్‌లో పుట్టించిన చప్పుళ్ళు. మీ కాఫీపళ్ళ తొక్కతీసే మెషీన్ చప్పుడు కూడా ఉంది. ఇక్కడ విన్నవాళ్ళంతా "బాగుంది" అంటూ ఫోను చూసుకుంటున్నారు. మీకు మొహమాటం లేదు. పదిమందిలో పెట్టి ఉన్నదున్నట్టు రాయండి. బాగోలేదంటే కాల్‌సెంటర్ ఉద్యోగంలో చేరిపోతాను.

మీ మేనకోడలు,
సోని

తా.క. స్పీకరు పెద్దదైతే మంచిది.

అరకులోయ, మార్చి 9

చిరంజీవి సోనికి మావయ్య దీవెనలు.

మన అమ్మాయి వెన్నెలను చూడడానికి కొయ్యూరు నుంచి పెళ్ళివారు పన్నెండుమంది వచ్చారు. సమయానికి దొరికారని పక్క ఊరి స్పీకరు తెచ్చి నీ ఆల్బం పెట్టాను. మొదటి పాటకే అందరూ లేచి నిలబడ్డారు. రెండో పాటకు పెళ్ళికొడుకు తల్లి రెండు చేతులూ పైకెత్తింది. మూడో పాటకు కుర్చీల్లో ఒక్కరూ లేరు. పక్కింటి బుధు సంతకు బయల్దేరుతున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను.

ఇట్లు, ఫల్గుణ

తా.క. మీ అత్తకు ఇంకా నోట మాట లేదు.

విశాఖపట్నం, మార్చి 14

మావయ్యా!

చదివి ఏడ్చేశాను. లేచి నిలబడ్డారా! అత్తకు మాటే రాలేదా! కాల్‌సెంటర్ వాళ్ళకు రానని చెప్పేశాను. వెన్నెల నిశ్చితార్థానికి నేనే వాయిస్తాను. నాలుగు పెద్ద స్పీకర్లతో ఆదివారం దిగుతున్నాను.

ఆనందంతో, సోని

తా.క. పెళ్ళికొడుకు ఏ పాటకు బాగా కదిలాడు?

అరకులోయ, మార్చి 18

సోనీ, ఆగు!

మొదటి పాటకు వాళ్ళు లేచింది ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకుని. ఆవిడ చేతులెత్తింది దేవుణ్ణి పిలవడానికి. మూడో పాటకు అందరూ జీపులో ఉన్నారు. పెళ్ళికొడుకు భీముడు బాగానే కదిలాడు, ఘాట్ రోడ్డు దాకా. సంబంధం పోయింది. మీ అత్తకు ఇప్పుడు మాట వచ్చింది: "నీ మేనకోడలు పంపింది పాటేటి? అది పిడుగు!"

దిగులుతో, ఫల్గుణ

తా.క. మెషీన్ పాట వస్తుంటే, మన మెషీనే తిరుగుతోందనుకుని ఆపడానికి నేను రెండుసార్లు షెడ్డుకు వెళ్ళాను.

విశాఖపట్నం, మార్చి 22

మావయ్యకు,

నా వల్ల వెన్నెల పెళ్ళి చెడిపోయింది. దానికి ఏ మొహం చూపించను? కంప్యూటర్ అమ్మేస్తున్నాను. భీముడి ఊరెళ్ళి వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను.

క్షమించండి, సోని

తా.క. పట్టుకునేటప్పుడు పాట పెట్టను.

అరకులోయ, మార్చి 27

సోని తల్లికి,

కంప్యూటర్ అమ్మకు. నిన్న వెన్నెల నీ పాటొకటి ఈలవేస్తూ మిరియాలు ఆరబోస్తోంది. సంబంధం పోయినదానికి ఈలేమిటని గద్దించాను.

"నువ్వు టీలు అందిత్తంటే సౌండు పెంచింది నానే నాన్నా. పెళ్ళయ్యాక నర్సింగు మానీమన్నాడు ఆ గుంటడు. అమ్మకి సెప్తే ఇంటాదేటి? అందుకే రెండో పాట నాలుగుసార్లు ఏసినాను" అంది.

మీ అత్త వెనకే నిలబడి అంతా వింది. తర్వాత దాని చేతిలో చాట తీసి పక్కన పెట్టి, "సదువు మానీమన్నాడా? ఆ ముక్క నాకు సెప్పాల గదే గుంటా!" అంది. ఇద్దరూ ఏడ్చారు. నేను షెడ్డులోకి వెళ్ళిపోయాను.

ఇక ఆల్బం సంగతి. నాలుగు పాటలు నాకు అర్థం కాలేదు. మాటలున్న పాట బాగుంది. ఏడోది మాత్రం రోజూ పెడుతున్నాను, ఎందుకని అడగకు.

నీ మేలు కోరే, ఫల్గుణ

తా.క. బుధవారం ఇంకో సంబంధం వస్తోంది. రెండో ఆల్బం ఉంటే బేగి పంపమంటోంది, ఇంతకన్నా గట్టిది. అడిగింది వెన్నెల కాదు, మీ అత్త.