తడిసి వచ్చిన రైలు

గిద్దలూరు. అక్టోబరు, బుధవారం రాత్రి.

మొన్న గుంటూరు వైపు నుంచి వచ్చే రైలు పైకప్పుల నుంచి నీళ్లు కారుతూ వచ్చింది. మా సేద్యగాళ్లంతా స్టేషనుకు పోయి చూసేది దానికోసమే. తూర్పు బండి తడిసి వస్తే సముద్రం వాన మా దాకా వస్తున్నట్టే లెక్క. నాయన రైలు పెట్టెను అరచేత్తో తుడిచి ఆ తడిని మొహానికి రాసుకున్నాడు. "వాన వచ్చినట్టే అమ్మా, తెల్లారంగానే ఇత్తనం ఏసేద్దాం" అని నాతో అన్నాడు. ఆకలైనా ముట్టకుండా దాచిన జొన్నలన్నీ నిన్న పొడి దుక్కిలోనే విత్తేశాం.

ఇవాళ బండి పొడిగా వచ్చింది.

సముద్రం మీది ఆవిరి మేఘమై గాలి వెంట నేల మీదికి వస్తుందని బళ్లో పిల్లలకు చెప్పేది నేనే. ఆ మేఘం తీరంలోనే కురిసి ఖాళీ అయిపోతే? వానాకాలంలో పడమటి సముద్రం నుంచి వచ్చిన మేఘమూ నల్లమల అవతలే దిగిపోయింది. రెండు సముద్రాల నడుమ మేమెవరికీ కనబడటం లేదు.

సాయంత్రం చేలో చీమలు బారులు కట్టి జొన్నలు మోసుకుపోతున్నాయి. అమ్మ ఏడుస్తూ వాటిని చీపురుతో తోలుతోంది. "ఇంగ ఏం తింటాం? యాడికి పోతాం?" అంది. ప్రార్థన చేద్దామని మోకరించి, మళ్లీ లేచి నేనూ చీమల్నే తోలాను, ప్రభువా.

నాయన ఇంకా అరుగు మీద తూర్పుకే తిరిగి కూర్చున్నాడు. "రేపటి బండి చూద్దాంలే" అంటున్నాడు. గాలి పడమటి నుంచి వీస్తోంది. అది ఆయన వీపుకు తగులుతూనే ఉంది.