ఊదని ఈల

మంగళవారం, రాత్రి

గేటు లోపలి రోడ్డు తమ పరిధిలోకి రాదన్నారు పోలీసులు. కింది ఫ్లాట్ హంసాబెన్‌ని స్కూటర్ గుద్ది చెయ్యి విరిగాక, సొసైటీ సెక్రటరీగా నేనే వాచ్‌మన్ యాదగిరికి ఈల కొనిచ్చాను. స్పీడు ఇరవై దాటితే ఎవరైనా సరే ఊదమన్నాను. హజీరా ప్లాంటులో సేఫ్టీ ఆఫీసరుగా మా జీఎం కారునే ఆపినవాణ్ని.

ఈరోజు సొసైటీ మీటింగుకి ఆలస్యమై, గేటులోంచి నలభైలో దూసుకొచ్చాను. యాదగిరి నోట్లో ఈల ఉంది. నన్ను చూసి, తీసేసి, సెల్యూట్ కొట్టాడు.

కారు దిగి, "ఎందుకు ఊదలేదు?" అన్నాను.

"మీ బండి అని ఎరుకైంది సార్. మీకెట్ల ఊదుత?"

నాకూ ఊదాల్సిందేనని చెప్పవలసింది. "సరే" అని లిఫ్టెక్కాను.

మీటింగులో, ఈల బాగా పనిచేస్తోందని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. హంసాబెన్ కుడిచేయి ఇంకా కట్టులోనే ఉంది. చప్పట్లకి బదులు ఎడమచేత్తో తొడమీద కొట్టింది.